మీకు తెలుసా? అఫ్జల్‌గంజ్ మత్తుమందు, కణం మీది కొవ్వు తెప్పలు

నయాపూల్ మీదుగా పాతబస్తీకి వెళ్లే బస్సులో కిటికీ పక్కన చోటు దొరికితే, మూసీ ఒడ్డున ఉన్న ఉస్మానియా ఆసుపత్రి గుమ్మటాలకేసి ఒకసారి చూడండి. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి నగరాన్ని ఊడ్చుకుపోయినప్పుడు అక్కడున్న పాత ఆసుపత్రి కూడా పోయింది. ఆవరణలోని చింతచెట్టెక్కి నూట యాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు కథ హైదరాబాదులో చాలామందికి తెలుసు. కొట్టుకుపోయిన ఆసుపత్రి పేరు అఫ్జల్‌గంజ్ దవాఖానా అని, అక్కడి డాక్టర్లు పట్టుకున్న ఒక ప్రశ్న మీద దేశదేశాల వైద్యులు రెండు వర్గాలుగా చీలి వాదించుకున్నారని తెలిసినవాళ్లు తక్కువ.

వాళ్లు అడిగిన ప్రశ్న, క్లోరోఫారం మనిషిని ఎలా చంపుతుంది అని. అది అసలు మనిషికి మత్తు ఎలా ఎక్కిస్తుంది అన్న ప్రశ్న అప్పటికి ఎవరి చేతికీ అందేది కాదు. ఆ రెండో ప్రశ్న వెంట నడిస్తే మన ఒంట్లోని ప్రతి కణాన్నీ చుట్టి ఉన్న పలుచని పొర దగ్గరికి చేరుకుంటాం. పెరగమని, విడిపోమని, ఆగమని కణానికి ఆజ్ఞలు అందేది కూడా ఆ పొర మీదే. ఈ సారి 'మీకు తెలుసా?' అంతా ఆ పొర గురించే.

నిజాం సొమ్ముతో లాన్సెట్ డాక్టరు

క్లోరోఫారంను మత్తుమందుగా 1847లో ఎడిన్‌బరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ వాడుకలోకి తెచ్చాడు. మూడు నెలలు తిరక్కుండానే, 1848 జనవరిలో, ఇంగ్లండులో హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ల అమ్మాయి కాలి గోరు తీయించుకోవడానికి వచ్చి, క్లోరోఫారం పీల్చిన కొద్ది నిమిషాలకే చనిపోయింది. అప్పటినుంచి తగువు మొదలైంది. మందు గుండెను ఆపేస్తోందా, ఊపిరిని ఆపేస్తోందా? గుండెకు ప్రమాదం ఉందన్నాడు లండన్‌లో జాన్ స్నో. ఊపిరిని కనిపెట్టుకుని ఉంటే చాలు, నాడి చూడక్కర్లేదన్నది ఎడిన్‌బరో బడి మాట.

ఆ ఎడిన్‌బరో బడిలో చదివిన ఎడ్వర్డ్ లారీ 1885లో హైదరాబాదు రెసిడెన్సీ సర్జన్‌గా వచ్చాడు. 1846లో మొదలైన ఇక్కడి వైద్య పాఠశాల బాధ్యత కూడా అతని మీద పడింది. అఫ్జల్‌గంజ్‌లో ఆపరేషన్ అంటే క్లోరోఫారమే. తన గురువుల మాట నిజమని నిరూపించాలన్న పట్టుదలతో, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం అండగా, 1888లో అతను మొదటి హైదరాబాదు క్లోరోఫారం కమిషన్ నడిపించాడు. జంతువుల మీద ప్రయోగాలు చేసి, ఊపిరే ముందు ఆగుతుందని తేల్చారు. లండన్‌లోని లాన్సెట్ పత్రిక ఆ మాట నమ్మలేదు. అప్పుడు నిజాం వెయ్యి పౌండ్లు ఇచ్చి, మీకు నచ్చిన డాక్టర్నే పంపండి, వచ్చి కళ్లారా చూడనీయండి అన్నారు. లాన్సెట్ తరఫున లాడర్ బ్రంటన్ వచ్చాడు. 1889లో రెండో కమిషన్ కూర్చుంది. వందల జంతువులు, ముఖ్యంగా కుక్కలు, ఆ ప్రయోగాల్లో ప్రాణాలు విడిచాయి. గుండెకే ప్రమాదమన్న అభిప్రాయంతో వచ్చిన బ్రంటన్ కూడా చివరికి లారీ మాటే బలపరిచాడు.

ఆ తీర్పు నిలవలేదు. 1911లో గుడ్‌మన్ లెవీ, క్లోరోఫారం మత్తు తేలిగ్గా ఉన్న స్థితిలో అడ్రినలిన్ ఒంట్లో పెరిగితే గుండె లయ తప్పి కొట్టుకులాడి ఆగిపోతుందని పిల్లుల మీద చూపించాడు. స్నో అనుమానమే నిజమైంది. హైదరాబాదు కమిషన్ తప్పిందని చెప్పడానికి నాకేమీ మొహమాటం లేదు. అయినా ఒక దేశీ సంస్థానం, తన నగరంలో పుట్టిన వాదాన్ని ప్రపంచం ముందు పరీక్షకు పెట్టి, ఎదుటి పక్షం మనిషినే సొంత ఖర్చుతో పిలిపించి చూపించడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. ఆ పద్ధతి నాకు గౌరవం కలిగిస్తుంది.

ఆ వైద్య పాఠశాలలోనే 1885లో చేరిన పార్సీ అమ్మాయి రూపాబాయి ఫర్దూన్‌జీ. క్లోరోఫారం ఇవ్వడంలో అక్కడే చెయ్యి తిరిగి, ప్రపంచంలోని తొలి మహిళా మత్తు వైద్యుల్లో ఒకరిగా పేరు తెచ్చుకున్నారు. తర్వాత పై చదువుకు ఎడిన్‌బరో కూడా వెళ్లివచ్చారు. హైదరాబాదులో ఆమె పేరిట ఒక వీధి ఉంటే బాగుండునని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

నూనెలో ఎంత కరిగితే అంత మత్తు

రెండో కమిషన్ కూర్చున్న పదేళ్లకు, 1899లో హన్స్ హోర్స్ట్ మయ్యర్, 1901లో చార్లెస్ ఎర్నెస్ట్ ఓవర్టన్, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా, ఒకే సంగతి పట్టుకున్నారు. ఏ మత్తుమందైనా ఆలివ్ నూనెలో ఎంత బాగా కరిగితే దాని మత్తు అంత బలం. ఓవర్టన్ ఈ లెక్కలు తేల్చింది తోకకప్పల మీద. నీళ్లలో మందు కలిపి, అవి ఎప్పుడు ఈదడం మానేస్తాయో చూశాడు.

నూనెకూ మత్తుకూ ఏం సంబంధం? కణాన్ని చుట్టి ఉండే పొర కొవ్వుతో చేసినదే కనుక. దానికి మన పాఠ్యపుస్తకాల పేరు కణత్వచం. దాని మందం సుమారు 5 నానోమీటర్లు. అలాంటి పొరలు పదివేలు ఒకదాని మీద ఒకటి పేర్చినా ఒక తల వెంట్రుక మందానికి మించవు.

పూసకట్టిన నెయ్యి

చలికాలం పొద్దున్నే నేతి గిన్నె మూత తీసి చూడండి. కింద తెల్లటి పూసలు, వాటి చుట్టూ పసుపుపచ్చని ద్రవం. రెండూ నెయ్యే. నిటారుగా ఉండే కొవ్వు గొలుసులు దగ్గరదగ్గరగా సర్దుకుని పూస కట్టాయి. మధ్యలో వంపు ఉన్నవి అలా సర్దుకోలేక ద్రవంగా మిగిలాయి. వేరుశనగ నూనె అదే చలిలో పారుతూ ఉండడానికి కారణం ఆ వంపులే.

కణం పొరలోనూ దాదాపు ఇదే జరుగుతుంది. 1972లో సింగర్, నికల్సన్ ఇచ్చిన చిత్రంలో ఆ పొర ఒక పలుచని నూనె సముద్రం, అందులో ప్రొటీన్లు ఎటు పడితే అటు తేలుతుంటాయి. పాఠశాల పుస్తకాల్లో ఇప్పటికీ అదే బొమ్మ. కానీ 1997లో కాయ్ సైమన్స్, ఎలీనా ఇకొనెన్ నేచర్ పత్రికలో వేరే బొమ్మ గీశారు. ఆ సముద్రంలో చిన్న చిన్న తెప్పలు ఉంటాయన్నారు. నిటారు గొలుసుల స్ఫింగోలిపిడ్లు, వాటి సందుల్లో ఇరుక్కున్న కొలెస్ట్రాల్ కలిసి, చుట్టుపక్కల కన్నా కాస్త చిక్కగా, కాస్త మందంగా ఒక చోట గుమిగూడతాయి. నేతి పూస అంత గట్టివి కావు. కదులుతూనే ఉంటాయి, కలుస్తాయి, విడిపోతాయి. శాస్త్రజ్ఞులు వాటిని లిపిడ్ రాఫ్ట్‌లు అన్నారు. తెప్పలు అనుకుందాం.

కొలెస్ట్రాల్ అనగానే మనకు గుండెజబ్బు గుర్తొస్తుంది. రక్తంలో మితిమీరితే ఆ భయం న్యాయమే. కణం బయటి పొరలోని కొవ్వు అణువుల్లో మాత్రం దాదాపు మూడో వంతు, చాలా కణాల్లో అంతకు పైనే, కొలెస్ట్రాల్ ఉంటుంది. అది లేని పొరతో మనిషి కణం బతకలేదు. అందులో ఎక్కువ భాగం మన ఒళ్లు తనంతట తాను తయారుచేసుకునేదే. డాక్టరు రాసిన కొలెస్ట్రాల్ మాత్రలు ఇది చదివి మానెయ్యకండి. రక్తంలోని లెక్క వేరు, పొరలోని లెక్క వేరు.

కళ్లకు అందని తెప్పలు

ఈ తెప్పల మీద ఇరవై ఏళ్లు పెద్ద పోట్లాట నడిచింది. కారణం స్పష్టమే: ఎవరూ చూడలేకపోయారు. 2006లో శాస్త్రజ్ఞులు ఒక సమావేశంలో ఒప్పుకున్న నిర్వచనం ప్రకారం ఒక తెప్ప వెడల్పు 10 నుంచి 200 నానోమీటర్లు. మామూలు మైక్రోస్కోపులో రెండు చుక్కలు విడివిడిగా కనపడాలంటే వాటి మధ్య కనీసం 200 నానోమీటర్ల దూరం ఉండాలి. ఆ గోడను దాటిన కొత్త మైక్రోస్కోపులకు 2014లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది.

బెంగళూరులో సత్యజిత్ మేయర్ బృందం అంతకుముందే వేరే దారిన వెళ్లింది. 1998లోనే కొన్ని రకాల ప్రొటీన్లు పొర మీద గుంపులు కడుతున్నాయని చూపించారు. పొర కింద ఉండే ఆక్టిన్ అనే నూలుపోగుల అల్లిక ఆ గుంపులను కట్టిపెడుతుందని తర్వాత తేల్చారు. కాబట్టి తెప్ప కట్టేది కొవ్వు ఒక్కటే కాదు. లోపలినుంచి కణం కూడా చెయ్యి వేస్తుంది.

కలరా, క్లోరోఫారం ఒకే చోట

ఈ వ్యాసంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ముక్క ఇది.

జాన్ స్నో పేరు పైన చూశారు కదా. క్లోరోఫారం ఇవ్వడంలో ఆ రోజుల్లో ఆయనను మించినవాడు లేడు. 1853లో విక్టోరియా రాణి ప్రసవానికి క్లోరోఫారం ఇచ్చింది ఆయనే. ఆ మరుసటి ఏడు, 1854లో, లండన్ బ్రాడ్ స్ట్రీట్‌లో కలరా ఒక చేతిపంపు నీళ్లనుంచి పాకుతోందని పట్టుకున్నదీ ఆయనే. ఆయనకు ఈ రెండు పనులూ రెండు వేరువేరు గదులు. 1858లో, 45 ఏళ్లకే, ఆ గదుల మధ్య తలుపు ఉందని తెలియకుండానే వెళ్లిపోయాడు.

కలరా బాక్టీరియా విడిచే విషాన్ని 1959లో కలకత్తాలో శంభునాథ్ దే కనిపెట్టారు. ఆ విషం పేగు కణాన్ని పట్టుకునే కొక్కెం, తెప్పల్లో ఎక్కువగా ఉండే జీఎం1 అనే కొవ్వు. ఒక్కో విషపు అణువుకు ఐదు చేతులు, ఒక్కో చెయ్యి ఒక జీఎం1ని పట్టుకుంటుంది. అంత గట్టి పట్టు కాబట్టి, హాని చేసే భాగం తీసేసి, మిగిలిన ఐదు చేతులకు మెరిసే రంగు కట్టి, ప్రయోగశాలల్లో తెప్పలు ఎక్కడున్నాయో వెతకడానికి వాడుకుంటున్నారు.

2020లో అమెరికాలోని స్క్రిప్స్ పరిశోధన సంస్థలో స్కాట్ హాన్సెన్, రిచర్డ్ లెర్నర్ బృందం ఆ కలరా రంగునే తీసుకుంది. కణాలకు క్లోరోఫారం పట్టించి, కొత్త రకం మైక్రోస్కోపులో చూసింది. జీఎం1 తెప్పలు చెదిరి విస్తరించాయి. ఆ తెప్పల్లో కట్టేసి ఉన్న పీఎల్‌డీ2 అనే ఎంజైము కట్టు తెంచుకుని, తన ముడిసరుకు ఉన్న చోటికి వెళ్లింది. అక్కడ అది తయారుచేసిన కొవ్వు, ట్రెక్-1 అనే పొటాషియం ద్వారాన్ని తెరిచింది. పొటాషియం బయటికి పోతే నాడీకణం నెమ్మదిస్తుంది. ఆ ఎంజైము లేని ఈగలకు మత్తెక్కడానికి మందు ఎక్కువ పట్టింది.

ఈగలు చివరికి మత్తులో పడ్డాయి కాబట్టి ఇదొక్కటే దారి కాదు. మత్తుమందులు నేరుగా కొన్ని ప్రొటీన్లను పట్టుకుంటాయనడానికి కూడా గట్టి సాక్ష్యాలున్నాయి. చర్చ ముగియలేదు. అయినా మూసీ ఒడ్డున మొదలైన కథ నూట ముప్పై ఏళ్ల తర్వాత ఎక్కడ తేలిందో చూడండి. ఎంజైము మారలేదు, దాని బలం పెరగలేదు. నిలబడిన చోటు మారింది, అంతే.

చోటు మారితే పని మారుతుంది

పాతబస్తీ వాళ్లకు ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. చార్మినార్‌కు పడమటి వైపు లాడ్ బజార్‌లో లక్క గాజులు, ఉత్తరాన చార్ కమాన్ దాటి పత్తర్‌గట్టిలో ముత్యాలు. ఎవరి సరుకు వాళ్ల గల్లీలో ఉంటేనే బేరం. గాజులకు రాళ్లు అతికే పనివాడికి లక్క, రాయి, కొలిమి, కొనే మనిషి పది అడుగుల లోపు దొరుకుతారు. అదే మనిషిని తీసుకెళ్లి మందుల బజారులో కూర్చోబెడితే చేతిలో నైపుణ్యం అంతా ఉండి కూడా రోజంతా ఊరికే కూర్చుంటాడు. కణం పొర మీద ప్రొటీన్లకూ ఇదే న్యాయం. ఎవరి పక్కన ఎవరు నిలబడ్డారన్నదాన్నిబట్టి పని జరుగుతుంది, లేదా ఆగుతుంది.

ఎలుకపిల్ల కళ్లు ముందే తెరిచింది

పెరగమని కణానికి చెప్పే ప్రొటీన్లను వృద్ధి కారకాలు అంటారు. వాటిలో పేరున్నదాన్ని స్టాన్లీ కోహెన్ కనిపెట్టిన తీరు ముచ్చటగా ఉంటుంది. ఎలుక లాలాజల గ్రంథుల రసాన్ని అప్పుడే పుట్టిన ఎలుకపిల్లలకు ఎక్కిస్తే, రెండు వారాలకు తెరవాల్సిన కళ్లు వారానికే తెరిచాయి. పళ్లూ ముందే వచ్చాయి. ఆ రసంలోంచి ఆయన వేరుచేసిన 53 అమైనో ఆమ్లాల చిన్న ప్రొటీనే ఈజీఎఫ్. నాడీ వృద్ధి కారకాన్ని కనిపెట్టిన రీటా లెవీ మొంటాల్చినీతో కలిసి 1986లో ఆయనకు నోబెల్ వచ్చింది.

ఈజీఎఫ్ కణం లోపలికి వెళ్లి ఏదీ చెప్పదు. తలుపు తట్టి బయటే ఉంటుంది. ఆ తలుపు పేరు ఈజీఎఫ్ గ్రాహకం, ఈజీఎఫ్ఆర్. పొరకు అడ్డంగా గుచ్చుకుని ఉంటుంది, సగం బయట, సగం లోపల. ఈజీఎఫ్ వచ్చి తాకితే రెండు గ్రాహకాలు జత కడతాయి. లోపలి భాగాలు ఒకదానికొకటి ఫాస్ఫేటు బొట్లు పెట్టుకుంటాయి. ఆ బొట్లు చూసి లోపలి ప్రొటీన్లు వరసగా మేలుకుంటాయి. మాట కేంద్రకం దాకా వెళ్తుంది. కణం రెండుగా విడిపోవడానికి సిద్ధమవుతుంది. చర్మం తెగితే మానడానికి ఈ దారీ తోడ్పడుతుంది.

తలుపు తట్టారు, గంట మోగలేదు

అయితే తట్టిన ప్రతిసారీ కణం పలకాలా? పలికితే ఒళ్లు ఒళ్లులా ఉండదు. ఎక్కడో ఒకచోట పట్టి ఉంచాలి. ఆ పట్టు పొరలోనే ఉంది.

1986లో అమెరికాలో సెన్-ఇతిరో హకొమొరి తోటివాళ్లతో కలిసి, జీఎం3 అనే కొవ్వు ఈజీఎఫ్ గ్రాహకం నోరు నొక్కుతుందని చూపించారు. జీఎం1కి ఇది దగ్గరి చుట్టమే. పాతికేళ్ల తర్వాత, 2011లో, జర్మనీలోని డ్రెస్డెన్‌లో కాయ్ సైమన్స్ బృందం ఆ సంగతిని కణం లేకుండానే తేల్చింది. గ్రాహకాన్ని ఒక్కదాన్నే శుద్ధిచేసి, తాము తయారుచేసిన కొవ్వు బుడగల్లో పెట్టింది. ఈజీఎఫ్ వచ్చి మామూలుగానే తగులుకుంది. జీఎం3 ఉన్న తెప్పల బుడగల్లో మాత్రం గ్రాహకం పలకలేదు. తాళంచెవి దూరింది, తలుపు తీయలేదు. వేరే ప్రొటీను ఏదీ అక్కడ లేదు కాబట్టి ఆపింది కొవ్వేనని తేలింది.

దీనికి ఎదురు పరీక్ష కూడా ఉంది. గ్లూకోజు అణువులు ఏడు గుండ్రంగా చేతులు పట్టుకుంటే సైక్లోడెక్స్‌ట్రిన్ అనే చిన్న గిన్నె తయారవుతుంది. దాని కడుపులో కొలెస్ట్రాల్ చక్కగా ఇముడుతుంది. ఆహారంలోంచి కొలెస్ట్రాల్ తగ్గించడానికీ ఆ జాతి అణువును వాడతారు. దాన్ని కణాలకు పట్టిస్తే పొరలోంచి కొలెస్ట్రాల్ తోడేస్తుంది, తెప్పలు చెదురుతాయి. అప్పుడు ఈజీఎఫ్ గ్రాహకాలు ఎవరూ తట్టకముందే పలకడం మొదలుపెట్టాయని ఇద్దరు ముగ్గురు వేరువేరుగా చూశారు.

అన్ని గ్రాహకాలకూ ఇదే సూత్రం అనుకోవద్దు. నాడీ వృద్ధి కారకానికి చెవి ఒగ్గే ట్రక్ అనే గ్రాహకానికి జీఎం1 తోడు ఉంటేనే పలుకు బాగుంటుంది. ఒకరికి కళ్లెం అయింది ఇంకొకరికి ఊతం.

షుగరు వ్యాధిలో ఒక మూల

తెప్పల్లో ఒక రకం లోపలికి గుంటలు పడి ఉంటుంది. 1950లలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో వాటిని చూసినవాళ్లు కేవియోలే అని పేరు పెట్టారు, చిన్న గుహలు అని అర్థం. కొవ్వు కణాల మీద ఇవి మరీ దట్టంగా ఉంటాయి. ఇన్సులిన్ గ్రాహకం ఈ గుహల్లో ఉన్నప్పుడు బాగా పనిచేస్తుంది. జపాన్‌లో ఇనోకుచి బృందం 2007లో చెప్పినదేమంటే, ఒంట్లో వాపు ఉన్నప్పుడు కొవ్వు కణాల్లో జీఎం3 పెరుగుతుంది, పెరిగిన జీఎం3 ఇన్సులిన్ గ్రాహకాన్ని గుహలోంచి బయటికి లాగేస్తుంది. ఇన్సులిన్ ఉంటుంది, గ్రాహకం ఉంటుంది, కానీ కణానికి మాట అందదు. జీఎం3 తయారుచేసే జన్యువు తీసేసిన ఎలుకల్లో ఇన్సులిన్ మరింత బాగా పనిచేసిందని అంతకు నాలుగేళ్ల ముందే తేలింది. షుగరు లేని ఇల్లు వెతుక్కోవాల్సిన నగరంలో ఉన్నాం. వ్యాధికి ఇదొక్కటే కారణం కాదు, ఎన్నో మూలల్లో ఇదొక మూల. అయినా గుర్తుపెట్టుకోదగ్గది.

హబ్సిగూడలో ఒక పొర

మూసీ దాటి కొంచెం దూరం వెళ్తే హబ్సిగూడలో సీసీఎంబీ ఉంది. పుష్పమిత్ర భార్గవ చేతుల మీదుగా 1977లో మొదలైన ప్రయోగశాల. అక్కడ అమితాభ చటోపాధ్యాయ తన బృందంతో ఏళ్ల తరబడి పట్టుకున్న ప్రశ్న ఒకటే: పొరలోని కొలెస్ట్రాల్ గ్రాహకాన్ని ఎలా నడిపిస్తుంది? వాళ్లు తీసుకున్నది వృద్ధి కారకం గ్రాహకం కాదు, మనసు తీరును నడిపే సెరటోనిన్ 1ఏ గ్రాహకం. పశువుల మెదడులోని హిప్పోక్యాంపస్ నుంచి పొరలు తీసి, పైన చెప్పిన గిన్నెలాంటి అణువుతో కొలెస్ట్రాల్ తోడేసి చూశారు. గ్రాహకానికి సెరటోనిన్ లాంటి అణువులు సరిగ్గా తగులుకోలేదు. కొలెస్ట్రాల్ తిరిగి కలిపితే పని తిరిగి వచ్చింది.

ఆ పనిలో నన్ను ఆపేసిన ముక్క ఇంకొకటి ఉంది. స్మిత్-లెమ్లీ-ఓపిట్జ్ అనే పుట్టుక జబ్బులో పిల్లల ఒళ్లు కొలెస్ట్రాల్ తయారీలో చివరి మెట్టు దగ్గర ఆగిపోతుంది. దానికి బదులు మిగిలే అణువుకూ కొలెస్ట్రాల్‌కూ తేడా ఒక్క ద్విబంధం. ఆ జబ్బు స్థితిని పోలిన పొరల్లో ఈ గ్రాహకం సరిగా పనిచేయడం లేదని హైదరాబాదులోనే తేల్చారు. ఒక్క బంధం ఎక్కువైతే మెదడు కణాలు సంకేతం వినే తీరే మారిపోతుందంటే, ఆ పొరలో ప్రతి అణువూ ఎంత లెక్కగా కూర్చుందో ఊహించండి.

పలకడం ఆగకపోతే

ఆరోగ్యంగా ఉన్న కణం మీద ఈజీఎఫ్ గ్రాహకాలు వేలల్లో ఉంటాయి. ఏ431 అనే చర్మ క్యాన్సర్ కణాల మీద పది లక్షలు దాటతాయి. అన్ని తలుపులు ఉంటే ఏదో ఒకటి ఎప్పుడూ మోగుతూనే ఉంటుంది. పట్టి ఉంచే తెప్పలకు అన్నిటినీ పట్టడం చేతకాదు. కణం ఆగకుండా విడిపోతుంది.

ఈ గ్రాహకం నోరు మూయించే మందులు వచ్చాయి. జెఫిటినిబ్, ఎర్లోటినిబ్ మాత్రలు లోపలి భాగానికి అడ్డం పడతాయి. వాటి చవక రూపాలు తయారుచేసినవాటిలో హైదరాబాదు కంపెనీ నాట్కో ఒకటి. నిమోటుజుమాబ్ అనే సూదిమందు బయటి భాగాన్ని మూస్తుంది. బెంగళూరు బయోకాన్ దాన్ని 2006లో తల, మెడ క్యాన్సర్ల కోసం మన దేశంలో విడుదల చేసింది. తల, మెడ క్యాన్సర్లలో అధిక భాగంలో ఈజీఎఫ్ఆర్ ఎక్కువగా ఉంటుంది. మన దగ్గర ఆ జాతి క్యాన్సర్ అంటే చాలావరకు నోటి క్యాన్సరే. గుట్కా, జర్దా, ఖైనీ, పొగాకు కలిపిన పాన్, సిగరెట్, బీడీ దానికి పెద్ద కారణాలు.

మదీనా చౌరస్తాలో, షాలిబండలో, మీ ఊళ్లో, ఎక్కడైనా సరే, నోట్లో పుండు మూడు వారాలైనా మానకపోతే, బుగ్గ లోపల తెల్లటి లేదా ఎర్రటి మచ్చ కనపడితే, నోరు ముందులా తెరుచుకోకపోతే ఆగకండి. నొప్పి లేదు కదా అని వదిలెయ్యకండి, మొదట్లో నొప్పి ఉండకపోవచ్చు. రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, ప్రభుత్వానిది. దగ్గర్లో ఏ పంటి డాక్టరైనా మొదట చూడగలరు. నోరు తెరిచి చూపించడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఈ వారమే వెళ్లండి, ఇంట్లో జర్దా తినే పెద్దవాళ్లను కూడా వెంటబెట్టుకుని వెళ్లండి.